చల్లారనియ్యండి బాబూ

"బానెట్ మీంచి సెయ్యి తీవయ్యా! అదేటి, నీ బండా?"

త్రినాథరావు కసురుకున్నాడు. బండి పక్కన నిలబడ్డ ముసలాయన చెయ్యి తీసేశాడు.

"కాలిపోతంది బాబూ," అన్నాడు మెల్లగా.

గాజువాక ఆటోనగర్‌లో, బ్రోకర్ ఎల్లారావు షెడ్డు ముందు రెండు సెకండ్‌హ్యాండ్ పికప్ బండ్లున్నాయి. ఒకటి పాతరకం ఇంజిన్. పొగ ఎక్కువ, ఊపు తక్కువ. ముసలాయన చెయ్యేసిన రెండోది దాని తర్వాత వచ్చిన టర్బో ఇంజిన్.

ఈ రెంటి మధ్యా త్రినాథరావు నెల రోజులుగా నలిగిపోతున్నాడు. పాత ఇంజినే మొండిది, కళ్ళు మూసుకుని కొనమన్నాడొకడు. టర్బో లేనిదీ ఒక బండేనా అన్నాడింకొకడు. ఆ రెండూ దండగ, కంప్యూటర్ ఇంజిన్లు వచ్చేశాయి, డబ్బు కూడబెట్టి అది కొనుక్కోమన్నాడు మరొకడు. పదిమందిని అడిగితే పదకొండు ఇంజిన్లు చెప్పారు. విని విని బుర్ర వాచిపోయింది.

ఇక ఆగడానికి లేదు. అచ్యుతాపురం సెజ్‌లో కొత్తగా తెరిచిన ఫ్యాక్టరీకి రేపటి నుంచే టిఫిన్లు పంపాలి. ఆరు గంటల షిఫ్టుకి ఇడ్లీలు అందకపోతే, ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తామని మేనేజరు ముందే చెప్పాడు. భార్య కాసులమ్మ బంగారు గాజులు ఈ బండి కోసమే పోయాయి. చేతులకి మట్టిగాజులు మిగిలాయి.

"టర్బోయే తీత్తాను. లోడుతో ఎత్తెక్కాలంటే అదే," అన్నాడు త్రినాథరావు.

"పొద్దున్న ఎన్నింటికి తీత్తారు బాబూ బండి?" ముసలాయన మళ్ళీ వచ్చాడు.

"నాలుగున్నరకి. నీకెందుకు?"

"అయితే ఓ గంట సల్లారనియ్యండి. సల్లారేక స్టార్టు సేసి సూడండి. పాతదాన్నీ అలాగే సూడండి. ఏ రకమైనా, పొద్దున్న పలికిందే ఇంజిను బాబూ."

త్రినాథరావు వాచీ చూసుకున్నాడు. శుక్రవారం. పదిన్నరకి రాహుకాలం. గంట ఆగితే మంచి గడియ కాస్తా దాటిపోతుంది.

"ఆయనేదో సెప్తన్నాడు. ఇనరాదేటి?" అంది పక్కనే ఉన్న కాసులమ్మ.

"నువ్వూరుకో! ఆ పాత బండి ఈయనదే అయ్యుంటది. దీని మీద లేనిపోనివి సెప్పి, దాన్ని మనకి అంటగడదామని."

ఎల్లారావు విన్నాడు. అవుననలేదు, కాదనలేదు. ముసలాయన వైపు మాత్రం గుడ్లురిమి చూశాడు.

"రాహుకాలం రాకముందే కానిచ్చేద్దాం బావా," అన్నాడు నవ్వుతూ.

"బాబూ, నా మాట..."

"నీ పని నువ్వు సూసుకో! పరాయోడి బేరంలో ఏలెట్టడానికి సిగ్గులేదేటి?"

ముసలాయన మొహం చిన్నబోయింది. టర్బో బండి అద్దం మీది దుమ్ము తువ్వాలుతో తుడిచి, రోడ్డు దాటి వెళ్ళిపోయాడు.

డబ్బు చేతులు మారింది. తాళం తిప్పీ తిప్పగానే ఇంజిన్ పలికింది. టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, రాహుకాలానికి ముందే బండిని రోడ్డెక్కించాడు త్రినాథరావు.

"సూసేవా!" అన్నాడు భార్యతో. మీసం ఒక్కటే తక్కువ, మెలెయ్యడానికి.

మర్నాడు పొద్దున్నే ఇడ్లీ డబ్బాలు, సాంబారు క్యాన్లు ఎక్కించి తాళం తిప్పాడు.

బండి మూలిగింది. అంతే.

మళ్ళీ తిప్పాడు. ఈసారి మూలుగు కూడా సన్నబడింది. వీధిలో వాళ్ళంతా వచ్చి తోశారు. ఆయాసం మనుషులకొచ్చింది గాని బండిలో చలనం లేదు.

"ఆ ముసలోడి నోరే తగిలింది!" అని త్రినాథరావు టైరుని ఒక్క తన్ను తన్నాడు. టైరుకేం, కాలే వాచింది.

మెకానిక్ యోహాన్ వచ్చి ఎలాగో స్టార్టు చేసేసరికి ఏడు దాటింది. ఈలోపే ఫ్యాక్టరీ నుంచి ఫోనొచ్చింది. ఇక రావద్దన్నారు. కాసులమ్మ డబ్బాలు ఒక్కొక్కటే దించుకుంది. తిట్టినా బాగుండేదనిపించింది త్రినాథరావుకి.

"కంప్రెషన్ పోయిందన్నా," అన్నాడు యోహాన్. "వేడి మీదుంటే పలుకుద్ది. సల్లారితే పలకదు. అందుకే బేరం వచ్చే ముందు ఎల్లారావు ఓ రౌండు తిప్పి తెచ్చి పెడతాడు."

"అయితే ఆ ముసలోడికి తెలుసన్నమాట! తన పాత బండి అమ్ముకునే యావలో సగం సెప్పి సగం మింగేసేడు!"

"ఏ ముసలాయన?"

"నెరిసిన గెడ్డం. భుజం మీద గళ్ళ తువ్వాలు."

"విజయరత్నంగారా? ఆయనకి పాత బండెక్కడిదన్నా? అది ఎల్లారావుది."

"మరి నా బేరంతో ఆయనకేటి పని?"

యోహాన్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"ఆయన్ని తిట్టని రోజు లేదన్నా ఎల్లారావు. నోరు మూసుకుని కూకోమనేవోడు. మూసుకునేవోడే పాపం, బేరం వచ్చేదాకా. బేరం రాగానే ప్రాణం ఒప్పేది కాదు. సల్లారనియ్యండి బాబూ అని ఎంతమందిని ఎనక్కి పంపేసేడో. ఇల్లు గడవక అమ్మకానికెట్టేడు, అమ్ముకోడం సేతకాలేదు."

"ఏది అమ్మకానికెట్టేడు?"

యోహాన్ బానెట్ మీద చెయ్యి వేశాడు.

"ఇదేనన్నా, ఆయన బండి."