నాన్‌స్టాప్ బండి

ఈల మోగింది.

“ఎడమ పక్కకి,” అంది కూతురు గుమ్మంలోంచి.

డ్రైవరు మూలుగుతూ ఎడమ పక్కకి తిరిగాడు. రిటైరై మూడేళ్ళయినా వీధిలో అందరికీ ఆయన ఇంకా డ్రైవరే. పక్క మంచం మీద ఆయన భార్య కూడా తిరిగింది. కూతురు బడిలో డ్రిల్లు టీచరు, ఈలకి కొదవ లేదు. మందు మూత్రాశయంలోకి ఎక్కించాక రెండు గంటలు ఆపుకోవాలి, పదిహేను నిమిషాలకోసారి పక్క మారాలి, అప్పుడే అది గోడలన్నిటికీ అంటుతుందని ఆసుపత్రిలో చెప్పి ఇంటికి పంపారు.

“క్షయ రాకుండా వేసే టీకా మందట,” అన్నాడు డ్రైవరు గోడకేసి చూస్తూ. “అది తీసుకెళ్ళి అక్కడ పోస్తే క్యాన్సర్ పోతుందట. ఎవరికైనా చెబితే నవ్విపోతారు.”

“ముల్లుని ముల్లుతోనే తీయాలి,” అంది భార్య. “ఒంట్లో నిద్రపోతున్న కాపలావాళ్ళని ఈ మందు లేపుతుందని డాక్టరమ్మ చెప్పింది కదా. అప్పుడు మీరూ నిద్రపోయారు కాబోలు.”

ఆయన నిద్రపోలేదు. అన్నీ విన్నాడు. గడ్డని గీకేశారు. మళ్ళీ మొలవకుండా వారానికొకటి చొప్పున ఆరు మోతాదులు. ఇది పనిచేయకపోతే వేరే మందులున్నాయి. అవీ పనిచేయకపోతే మూత్రాశయమే తీసేసి పొట్టమీద సంచి తగిలిస్తారు. ఆ సంచి మాట విన్నప్పటి నుంచి ఆయనకి ముద్ద దిగడం లేదు.

కిందటి వారం నాలుగో మోతాదు నలభై నిమిషాలకే బాత్‌రూము పాలైంది. ఆ సాయంత్రమంతా ఇంట్లో ఏడుపులు, ఇక ఆసుపత్రి గడప తొక్కేది లేదని పంతాలు. చివరికి కూతురు పంచాయితీ చేసింది. ఈసారి ఇద్దరూ పక్కపక్కన పడుకోవాలి, ముందు లేచినవాళ్ళు ఓడినట్టు.

“నీళ్ళు తాగొద్దన్నారా లేదా?” అంది భార్య. “వచ్చీ రాగానే జగ్గెడు తాగారు. చూడలేదనుకోకండి.”

“ఖాళీ బండి ఎవడైనా తోలతాడు. నిండు బండి తోలినవాడే డ్రైవరు.”

“మీ గొప్పలు తగలెయ్య.”

మళ్ళీ ఈల. ఈసారి బోర్లా. కండక్టరు ఈలకి కదలడం ముప్పై ఏళ్ళ అలవాటు కాబట్టి ఆయన మాట్లాడకుండా తిరిగాడు. తిరిగాక మాత్రం నోరు ఊరుకోలేదు.

“ఓసారి ఘాటు రోడ్డులో ఒక పెద్దాయన బండి ఆపు, బండి ఆపు అని ఒకటే గోల. ఎందుకండీ అంటే చెప్పడు. ఊరుకోండి స్వామీ, నేనే రెండు గంటల నుంచీ ఆపుకోలేక చస్తున్నా అన్నాను. దెబ్బకి కిక్కురుమంటే ఒట్టు.”

“నవ్వించకండి,” అంది భార్య పళ్ళు బిగించి. “నవ్వితే మొదటికే మోసం.”

ఆయన నోరు మూసుకున్నాడు. గంటన్నర దాటేసరికి ఆయన నుదుట చెమటలు పట్టాయి. జగ్గెడు నీళ్ళూ పొత్తికడుపులో చేరి తలుపులు బాదుతున్నాయి. ఇంక తట్టుకోలేక ఒక కాలు నేలమీద పెట్టాడు.

“నావల్ల కాదే.”

“మీరు లేస్తే నేనూ లేస్తా.”

ఆవిడ గొంతు వణికింది. ఆ వణుకు వినగానే డ్రైవరుకి నిజంగా భయమేసింది. కిందటి వారమంతా కళ్ళముందు తిరిగింది. కాలు మళ్ళీ మంచం మీదకి లాక్కున్నాడు.

“ఇంకెంతసేపమ్మా?” అనడిగాడు కూతుర్ని.

“పదిహేను నిమిషాలు. కుడి పక్కకి.”

ఆ పదిహేను నిమిషాలూ ఆయన తనకి తెలిసిన స్టాపులన్నీ మనసులో వరసగా చెప్పుకున్నాడు. ఒక్కచోటా బండి ఆపలేదు.

ఆఖరి ఈల పొడుగ్గా మోగింది. రెండు మంచాలూ ఒకేసారి కిర్రుమన్నాయి. ఇంట్లో ఉన్నది ఒకటే బాత్‌రూము. ఆ మందులో బతికున్న క్రిములుంటాయి కాబట్టి, అయ్యాక పోయడానికి బ్లీచింగ్ నీళ్ళ సీసా పట్టుకుని కూతురు అక్కడే నిలబడి ఉంది. డ్రైవరు మూడంగల్లో తలుపు దగ్గరికి చేరాడు. కూతురు చెయ్యి అడ్డం పెట్టింది.

“ఆగు నాన్నా, ముందు పేషెంటుని వెళ్ళనివ్వు.”