చెరపొద్దన్న చుక్కలు

"ఏడుగురు," అని జెరూష మళ్లీ లెక్కపెట్టింది.

రహమత్‌నగర్ సందులో వ్యాను దిగిన ఏడుగురు పిల్లల ముఖాల మీదా ఎర్రటి చుక్కలే. నర్సు జెరూష పుస్తకం తెరిచింది. పక్క సందులో ఒక పిల్లాడికి తట్టు సోకి పది రోజులైనా కాలేదు. ఈ సందులో అయిదు నెలల లియో ఉన్నాడు. తట్టు టీకా వెయ్యాలంటే తొమ్మిది నెలలు నిండాలి. అంత పసివాళ్లకి ఆ జబ్బు వస్తే ఏమవుతుందో ఆమె ఒకసారి కళ్లారా చూసింది. అందుకే ఎండనక వాననక ఇంటింటికీ తిరుగుతుంది. ఏ పిల్లకి ఒళ్లు వెచ్చబడినా పుస్తకంలో రాసుకుంటుంది.

ఆమె గబగబా పేర్లు రాస్తుంటే తన గుమ్మంలో నిలబడ్డ దేవమ్మ పకపకా నవ్వింది.

"గది మేకప్, జెరూషమ్మా. ఫిల్మ్‌నగర్ల షూటింగ్. దవాఖాన సీనంట."

జెరూష దూదికి కొబ్బరినూనె రాసి ఒక పిల్లాడి చెంప తుడిచింది. చుక్కలు దూదికి అంటుకొచ్చేశాయి. సందంతా నవ్వులే.

"ఇగ తుడువకు తల్లీ. రేపు గూడ గదే సీను. చుక్కలు అట్లనే ఉంచమన్నరు," అంది దేవమ్మ.

"నాది నర్సు వేషం," అంది దేవమ్మ కూతురు చిన్ని, పక్కింటి లియోని చంకనెత్తుకుని. "నీ లెక్కనే నడిచిన."

జెరూషకి ముచ్చటేసింది. "కళ్లెందుకే ఎర్రబడ్డాయి?"

"ఏడ్సే సీనుకు గ్లిజరిన్ పెట్టి ఉంటరు," అంది దేవమ్మ.

జెరూష పేర్లు కొట్టెయ్యబోయి ఆగింది. రాసిన పేరుని ఇంకొకరిని అడగందే కొట్టెయ్యదు. ఈ చాదస్తానికి సందులో అందరూ విసుక్కుంటారు. కానీ రెండేళ్లుగా ఈ సందులో తట్టు అడుగుపెట్టలేదంటే అదంతా ఆ మహాతల్లి చాదస్తం చలవే. మెచ్చుకోకుండా ఎలా ఉంటాం.

దేవమ్మ దగ్గర నంబరు తీసుకుని మేకప్‌మ్యాన్ సుబ్బరామయ్యకి ఫోన్ చేసింది.

"బాబాయ్‌గారూ, నర్సుని నన్నే బోల్తా కొట్టించారు. అచ్చం తట్టులాగే ఉంది."

ఆయన మురిసిపోయాడు. "ముప్ఫయ్యేళ్ల చెయ్యి కదమ్మా."

"ఏడుగురికీ మీరే పెట్టారా?"

చిన్ని లియో బుగ్గకి బుగ్గ ఆనించి ఆడిస్తోంది.

"ఆరుగురికేనమ్మా, నర్సు వేషం పాపకి చుక్కలెందుకు?"