చేతిలో తెల్లకాగితం

“ఫొటోలు తీసిందెవరు?”

“నేనేనండి.”

ల్యాబ్ యజమాని కంప్యూటర్ తెర మీది నుంచి చూపు తిప్పకుండానే నవ్వాడు.

“తెలుస్తూనే ఉంది లెండి.”

కౌంటరుకు అవతల నిలబడ్డ మనిషికి యాభై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చేసిన పాత చొక్కా. గోళ్ళ అంచుల్లో ఎంత తోమినా పోని నీలం మరక.

తెర మీద ఇరవై నాలుగు ముఖాలు. ఆడవాళ్ళు, మగవాళ్ళు, ముగ్గురు పిల్లలు. అందరూ ఒకే సిమెంటు గోడ ముందు నిలబడ్డారు. అందరి చేతుల్లోనూ, ఛాతీ దగ్గర, ఒక తెల్లకాగితం. దాని మీద ఏమీ రాసి లేదు.

“ఇదేంటండీ, ఖైదీల్లాగా? నంబరొక్కటే తక్కువ.”

“ఆ కాగితం ఉండాలండి.”

“ముఖాలన్నీ పసుపు కొడుతున్నాయి. కెమెరాలో రంగు సరిచేసుకోవడం రాదా?”

“ఉన్నది ఉన్నట్టు వేయండి సార్. ఏమీ మార్చొద్దు. మామూలు షాపులో వేయిస్తే ఆ రంగులు నమ్మలేమన్నారు. మీ ల్యాబ్‌లో వేసిందైతే ఎవరూ వేలెత్తి చూపరట.”

ఆ మాటకి యజమాని నిటారుగా కూర్చున్నాడు.

“ఎగ్జిబిషనా?”

ఆ మనిషి ఒక్క క్షణం తటపటాయించాడు.

“పదిమంది ముందు పెట్టాలండి. శుక్రవారం.”

“సరే, వెళ్ళిరండి. నేను చూసుకుంటాను.”

తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి మళ్ళీ చెప్పాడు.

“మార్చకండి సార్.”

రెండు రోజులు యజమాని నిజంగానే ప్రాణం పెట్టి పనిచేశాడు.

మందపాటి నూలు కాగితం మీద చిన్న ముక్క వేసి, దీపం కింద పెట్టి చూశాడు. పసుపు తగ్గించాడు. మళ్ళీ వేసి, ఇంకాస్త తగ్గించాడు. కళ్ళలోకి తెలుపు తెచ్చాడు. చెంపల్లోకి రక్తం తెచ్చాడు. తెల్లకాగితాలున్న కింది భాగం అసహ్యంగా ఉందని కత్తిరించేశాడు.

ప్రింట్లు ప్యాక్ చేసేది ఆయన భార్యే.

“ఏమీ మార్చొద్దన్నాడుగా ఆయన?” అంది.

“అన్నాడు. పాపం, రంగుల గురించి ఆయనకేం తెలుసు?”

“ఒక్కసారి ఫోన్ చేసి అడగరాదూ?”

“కూరలో ఉప్పెంత వేయాలో ఇంటికొచ్చిన చుట్టాన్ని అడుగుతావా నువ్వు?”

“చుట్టానికి బీపీ ఉంటే అడుగుతాను.”

యజమాని వినిపించుకోలేదు.

గురువారం సాయంత్రం ఆ మనిషి వచ్చేసరికి అట్టపెట్టె సీలు వేసి సిద్ధంగా ఉంది.

“ఒకసారి చూడొచ్చా సార్?”

“ఇప్పుడు విప్పితే దుమ్ము పడుతుంది. వేలిముద్ర పడిందంటే ఇక పోదు. అక్కడ పెట్టేటప్పుడే, ఇవి వేసుకుని తీయండి.”

తెల్ల గ్లవ్స్ జత చేతిలో పెట్టాడు.

“ఏమీ మార్చలేదుగా సార్?”

“నిశ్చింతగా వెళ్ళండి. చూసినవాళ్ళు నోరు వెళ్ళబెట్టాలి.”

ఆ మనిషి పెట్టెను రెండు చేతులా పట్టుకుని, భుజంతో తలుపు తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

సోమవారం ల్యాబ్ ముందు పెద్ద కారు ఆగింది. దిగినాయన రంగుల ఫ్యాక్టరీ మేనేజరు.

“ఇరవై నాలుగు ముఖాల ఫొటోలు వేసింది మీరే కదా? వెనక మీ ల్యాబ్ ముద్ర చూశాను.”

“అవునండి. నచ్చాయా?”

“నచ్చడమా! మా నెత్తిన పాలు పోశారు.”

యజమానికి అర్థం కాలేదు.

“మా ఫ్యాక్టరీ నీళ్ళు బావుల్లో కలిసి జనానికి కామెర్లొచ్చాయని కేసండీ. శుక్రవారం ఆఖరి విచారణ. ఫొటోలు తెస్తున్నారని విని మేం హడలిపోయాం. తీరా పెట్టె విప్పితే ఒక్కొక్కరూ నిగనిగలాడుతున్నారు! ‘వీళ్ళు నాకంటే ఆరోగ్యంగా ఉన్నారే’ అన్నాడు విచారణ అధికారి. హాలంతా ఒకటే నవ్వు. కేసు కొట్టేశారు.”

“ఆయన నాకీ సంగతి చెప్పలేదే!”

“ఎలా చెబుతాడు? కేసు సంగతి తెలిస్తే ఏ షాపూ వేయకుండా మేమే చూసుకున్నాంగా.”

“మరి... ఆయనేమన్నాడు?”

“ఏమంటాడు? ఆ తెల్ల గ్లవ్స్ వేసుకుని ఫొటోలు తిప్పి తిప్పి చూశాడు. ‘కాగితమేది, కాగితమేది’ అని గొణుక్కున్నాడు. అదలా ఉంచండి. మా చైర్మన్ గారి ఫొటో నిలువెత్తున వేయాలి. మీ చేత్తోనే వేయించమన్నారు.”

యజమాని కంప్యూటర్ వైపు తిరిగాడు. ఆ మనిషి ఇచ్చిన అసలు ఫొటోలు తెరిచాడు. మొదటి దానిలో తెల్లకాగితం మీద మౌస్ బాణం పెట్టాడు.

ఫొటోలో రంగు తప్పితే ముందు చెడేది తెలుపే. కాగితం పసుపుగా ఉంటే తప్పు కెమెరాది. కాగితం తెల్లగా ఉంటే పక్కనున్న రంగులన్నీ నిజం.

తెర మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలు మూడూ సమానంగా ఉన్నాయి.

రెండో ఫొటో. సమానమే. మూడోది. పదోది. ఇరవై మూడోది.

కాగితంలో చుక్కంత పసుపు లేదు. పసుపు మనుషుల్లోనే ఉంది.

ఇరవై నాలుగో ఫొటోలో కాగితం పట్టుకున్నది ఆ మనిషే. ఈ కళ్ళనే తను గంటసేపు కూర్చుని తెల్లబరిచాడు. కౌంటరు దగ్గర రెండుసార్లు ఎదురుగా నిలబడితే ఒక్కసారీ వాటిని చూడలేదు.

వెనకాల భార్య నిలబడి ఉంది.

“ఎవరండీ ఆయన?” అడిగాడు యజమాని.

మేనేజరు జేబులోంచి చైర్మన్ ఫొటో తీసి కౌంటరు మీద పెడుతూ తేలిగ్గా అన్నాడు.

“మా దగ్గరే ఇరవై ఏళ్ళు రంగులు సరిచూశాడు లెండి; మిషను పట్టుకోలేని తేడా ఆ కంటికి దొరికిపోయేది, ఆయన సరే అననిదే మా ఫ్యాక్టరీ నుంచి ఒక్క డబ్బా బయటికి కదిలేది కాదు.”