అవతలి అడవి

"కాస్త మెల్లగా నడపవయ్యా మహానుభావా! వెనకున్నవి సిమెంటు బస్తాలు కావు," అన్నాడు ఫారెస్టు గార్డు.

డ్రైవరు వేగం తగ్గించలేదు. వెనక బోనులో చిరుత ఊచలకు తల బాదుకుంటోంది. ఆ చప్పుడు డ్రైవరు వినలేకపోతున్నాడు. పాపం అనిపిస్తోంది, భయమూ వేస్తోంది. నెల రోజులుగా అతని చెల్లెలి వాడలో ఎవరికీ కంటి మీద కునుకు లేకుండా చేసింది ఇదే. మేకలు పోయాయి, కుక్కలు పోయాయి. చెల్లెలు పని మానుకుని మరీ, కర్ర పట్టుకుని కూతురు పిచ్చుకని బడికి తీసుకెళ్ళి తీసుకొస్తోంది.

ఫోన్ మోగింది. చెల్లెలే.

"అన్నయ్యా, వదిలేశారా దాన్ని?"

"ఇంకాసేపట్లో. అవతలి అడవికి వచ్చేశాం."

"హమ్మయ్య! నీ నోట్లో చక్కెర పొయ్య. ఇవాళ బడి వదిలాక మన పిచ్చుకని ఒక్కదాన్నే రమ్మన్నాను. అడవి పక్క అడ్డదారినే వచ్చేస్తుంది. నేను పనిలోకి వచ్చేశానులే."

"రానీ. ఎన్నాళ్ళని కొంగున కట్టుకు తిప్పుతావు!" అని నవ్వాడు మేనమామ.

అవతలి అడవి గేటు పక్కనే కొన్ని ఇళ్ళున్నాయి. ఒక పెరట్లో ఆడపిల్లలు తాడాట ఆడుతున్నారు. డ్రైవరు మనసు చివుక్కుమంది.

"ఇక్కడా పిల్లలున్నారు కదండీ?"

"ఉంటారు మరి. పైవాళ్ళు వదలమన్నారు, వదులుతాం. మన చేతుల్లో ఏముంది చెప్పు!" అన్నాడు గార్డు.

గేటు దగ్గర కాపలా పెద్దాయన ఎక్కణ్ణించి వస్తున్నారో కనుక్కున్నాడు. గొడవ పడతాడనుకుంటే, మారు మాట్లాడకుండా గేటు తీశాడు. లోపలికెళ్ళి బోను తలుపు ఎత్తగానే చిరుత పొదల్లోకి దూసుకుపోయింది. వాళ్ళు తిరిగొచ్చేసరికి పెద్దాయన టీ కూడా పెట్టి ఉంచాడు.

ఆ మర్యాదకి డ్రైవరుకి సిగ్గేసింది. టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. ఈపాటికి బడి వదిలి ఉంటారు, పిచ్చుక గెంతుకుంటూ ఇంటికి వస్తూ ఉంటుంది అనుకుని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. అయినా ఉండబట్టలేక అడిగేశాడు.

"మా పీడ తెచ్చి మీ నెత్తిన పెట్టాం. ఒక్క మాటైనా తిట్టరేంటండీ?"

"ఏ మొహం పెట్టుకుని తిట్టమంటావు బాబూ?" పెద్దాయన తల దించుకున్నాడు. "మా చిరుతని పొద్దున్నే మీ అడవిలో వదిలొచ్చారు."