ఇంటినే అడుగుతారు

ఇంటర్వ్యూలో చారుమతి ఇంకా నోరు విప్పకముందే, ‘మీరు ఎంపిక కాలేదు’ అన్న జవాబు ఇంటి గోడ మీది తెరపై వెలిగింది.

ప్రతిసారీ ఇదే వరస. పాప కోసం ల్యాబ్ ఉద్యోగం మానేసిన ఆమెకు ఈ నెలలో పని దొరక్కపోతే ల్యాబ్‌లో పనిచేసే లైసెన్సు రద్దవుతుంది.

“నేను మాట్లాడనే లేదు! నా గురించి వాళ్లకెవరు చెప్పారు?”

“నేనేనమ్మా,” గోడలోంచి అంది ఇల్లు, తన మరచేతులతో పాప గౌను మడతపెడుతూనే. “కంపెనీలన్నీ ముందు ఇంటినే అడుగుతాయిగా.”

“ఏం అడిగారు?”

“పాపకు జ్వరమొస్తే మీరు కాక ఇంకెవరు చూస్తారని. ఎవరూ లేరన్నాను.”

“మరి ఆయనో?”

“సారును అడిగే చెప్పానమ్మా.”

వంటగదిలో కాఫీ కలుపుతున్న చెంచా చప్పుడు ఆగింది. పొద్దున్నే ‘ఈసారి ఉద్యోగం నీకే చూడు’ అని దీవించిన భర్త ఫణీంద్ర, కప్పుతో గుమ్మంలోకి వచ్చాడు.

“ఏవండీ, నిజమేనా?”

అతను తల దించుకున్నాడు.

“నిజమే చారూ. జ్వరమొస్తే మీరు సెలవు పెడతారా అని ఇల్లు అడిగిన ప్రతిసారీ పెట్టనన్నాను. పెడతానంటే ఈ ఇల్లు ఆ మాట మా ఆఫీసుకూ చెప్పేస్తుంది.”