ఎవరో చూస్తున్నారు

మంచినీళ్లు తాగడానికి పాప టీవీలో ఎలుగుబంటి బొమ్మల కథను ఒక్క నిమిషం ఆపింది.

మళ్ళీ పెట్టబోతే తెర నల్లబడింది. మధ్యలో తెల్లటి అక్షరాలు నిలిచాయి. "ఈ అకౌంట్‌లో ఇంకెవరో చూస్తున్నారు. ఒకసారికి ఒక్కచోటే చూడగలరు."

పాప మూతి బిగిసింది.

"నాన్నా, ఎలుగు!"

"వస్తుందమ్మా. ముందు ఈ ముద్ద తిను."

"ఎలుగొస్తేనే తింటా."

లిఫ్టు మెకానిక్ అయిన ఆ తండ్రి తల పట్టుకున్నాడు. పగలంతా పెద్ద పెద్ద భవనాల్లో చీకటి గోతుల మీద వేలాడి, ఒళ్ళు హూనం చేసుకుని వచ్చే మనిషి. భార్య ఆసుపత్రిలో నర్సు, సాయంత్రం డ్యూటీ. ఆమె లేని పూట పాపకు నాలుగు ముద్దలు తినిపించడం అతని వంతు. పిల్ల అసలే పుల్లలా ఉంటుంది. బరువు పెరగకపోతే కష్టమని డాక్టరు రెండుసార్లు హెచ్చరించాడు. ఆ ఎలుగుబంటి లేనిదే ఒక్క ముద్ద గొంతు దిగదు.

ఆ రోజు పాప ఏడ్చి ఏడ్చి ఖాళీ కడుపుతోనే పడుకుంది.

భార్య గుమ్మంలో అడుగు పెట్టగానే మెకానిక్ ఒంటికాలి మీద లేచాడు.

"ఎవడో దొంగవెధవ మన టీవీని వాడుకుంటున్నాడే!"

"మనదెక్కడిదండీ? అద్దెకొచ్చేసరికే గోడకుంది."

"అందుకే కదా ఇంటావిడ అంత అద్దె గుంజుతోంది! కట్టేది మనం, చూసేది వాడూనా? సొమ్మొకడిది, సోకొకడిది!"

అతని కోపం ఆ ఒక్క దొంగ మీదే కాదు. సినిమా హాలుకెళ్తే టికెట్టు కన్నా లోపల అమ్మే నీళ్ల సీసా ప్రియం. ఇంట్లో చూద్దామంటే ఎలుగుబంటి కథల్లో సగం ఒక యాప్‌లో, సగం ఇంకో యాప్‌లో. డబ్బు కట్టినవాడికి కూడా మధ్యలో సబ్బుల ప్రకటనలు తప్పవు. తోటి మెకానిక్ ఒకడు జాలిపడి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇస్తే, దానికి అనుమతి లేదు పొమ్మంది టీవీ. సినిమావాళ్లు కొనుక్కోనివ్వరు, తెచ్చుకోనివ్వరు. ఉన్న ఒక్క ఆధారానికీ ఇప్పుడు దొంగ తగులుకున్నాడు.

"ఆ దొంగ ఏం చూస్తున్నాడో చూశారా?" అంది భార్య.

ఆ అకౌంట్‌లో రెండు పేర్లున్నాయి. ఒకటి 'నాన్న', రెండోది 'చిన్ని'. ఇంటావిడ మనవరాలెవరో అనుకుని, మొదటి నుంచీ పాపకు చిన్ని పేరు మీదే బొమ్మలు పెడుతున్నారు.

"మన పాప సగంలో వదిలేసిన కథ తెల్లారేసరికి పూర్తయి ఉంటోందండీ. అక్కడితో సరి. ఒక్క కథయినా పాపకన్నా ముందుకెళ్ళడు."

"ఓహో, పద్ధతి గల దొంగన్నమాట!"

"ఎవరింట్లోనో చిన్నపిల్ల ఉందేమో. పోనిద్దురూ."

"వాళ్ల పిల్ల కోసం నా పిల్ల పస్తుండాలా?"



తర్వాత కూడా రెండు మూడుసార్లు పాప పస్తు పడుకుంది. ఇంతలో తెర మీద ఆ యాప్ కంపెనీవాళ్ల కొత్త కబురొకటి వచ్చింది. "ఇకపై ఒక అకౌంట్ ఒక్క ఇంటికే. ఇదే మీ ఇల్లా?"

మెకానిక్ 'అవును' నొక్కాడు.

"మిగతా చోట్ల తీసేయమంటారా?"

ఇంకాస్త గట్టిగా నొక్కాడు.

"ఈ కంపెనీవాళ్లు పుట్టి బుద్ధెరిగి చేసిన మంచి పని ఇదొక్కటే," అన్నాడు భార్యతో. "దొంగకు తేలు కుట్టినట్టయి ఉంటుంది. కిక్కురుమనలేడు."

నిజంగానే దొంగ మళ్ళీ రాలేదు. పాప కడుపునిండా తిని, సగం కథలో నిద్రపోయేది. మర్నాడు ఎలుగుబంటి వదిలిన చోటే ఉండేది. మెకానిక్ ప్రాణం కుదుటపడింది.

నెల తిరిగేసరికి తెర మళ్ళీ నల్లబడింది. ఈసారి అకౌంట్ మూసేశారని రాసి ఉంది.

మెకానిక్ విసవిసా కిందికి దిగి ఇంటావిడ తలుపు తట్టాడు.

"అద్దె మాత్రం ఠంచనుగా తీసుకుంటారు, టీవీకి కట్టడం మానేస్తే ఎలాగమ్మా?"

బట్టలు మడతపెడుతున్న ఇంటావిడ తెల్లబోయి చూసింది.

"నేనెప్పుడు కట్టాను బాబూ? అసలా టీవీయే నాది కాదు. మీకన్నా ముందున్నాయన వదిలేసి వెళ్ళాడు. డబ్బులూ ఆయనే కడుతున్నాడు."

"ఆయనెందుకు కట్టడం? మేమెవరమో ఆయనకేం తెలుసు?"

"తెలీదు. ఆపేయవయ్యా అని నేనూ చెప్పాను. 'ఉండనివ్వండమ్మా, పైన పాప చూస్తున్నట్టుంది' అన్నాడు. పోయిన నెల ఫోన్ చేశాడు. 'ఇది మీ ఇల్లు కాదు అని వస్తోందమ్మా తెర మీద, నిజమే కదా' అన్నాడు. ఆ తర్వాత ఆపేసినట్టున్నాడు."

మెకానిక్‌కు దొంగవెధవ అన్న మాట గుర్తొచ్చి సిగ్గుతో చితికిపోయాడు.

"ఆయన నంబరివ్వండమ్మా. క్షమించమని అడుగుతాను. డబ్బులు నేనే కడతాను, ఆయన్ని చూసుకోమంటాను."

"నిన్ననే చేశాను. ఆ నంబరు పనిచేయడం లేదు. పోయిన నెల మాట్లాడినప్పుడే దూరంగా ఎక్కడికో వెళ్ళిపోతున్నానన్నాడు, ఊరు చెప్పలేదు."

మెకానిక్ వెనుదిరిగి రెండు మెట్లెక్కి, మళ్ళీ దిగొచ్చాడు.

"ఒక్కమాట చెప్పండమ్మా. అన్నాళ్లు డబ్బు కట్టిన పెద్దమనిషి హాయిగా సినిమాలు చూసుకోక, ఆ పిల్లల బొమ్మలు ఎందుకు చూసేవాడు?"

ఇంటావిడ చేతిలోని బట్ట పక్కన పెట్టింది.

"చిన్ని ఆయన కూతురు బాబూ, మీ పాప పడుకునే గదిలోనే పోయింది, మీరొచ్చాక ఆ పేరు మీద ఎలుగుబంటి మళ్ళీ కదలడం చూసి, తన బిడ్డే సగంలో నిద్రపోయిందనుకుని, మిగతా కథ తను చూసి పడుకునేవాడట."