కరెంటు వచ్చిందా?

"వచ్చిందా?" అని అరిచాడు ఆర్విన్, చక్రాల ఇల్లు లాంటి తమ ట్రైలర్ బయట స్తంభానికున్న కరెంటు పెట్టెలో మీట పైకి తోసి.

"రాలేదు" అంది లోపల్నించి మార్లిస్.

ఆ ఒక్క మాటకే ముసలాయన ప్రాణం లేచొచ్చింది. పెళ్ళాం తన మాటకి బదులు పలికి మూడు రోజులైంది మరి. అరిజోనా ఎడారిలో జనవరి పొద్దు, వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. అయినా ఆ పెట్టె ముందునుంచి కదలబుద్ధి కాలేదు.

తప్పు తనదే. ట్రక్కుతో ట్రైలర్‌ని వెనక్కి నడిపి క్యాంపు స్థలంలో పెట్టేటప్పుడు భార్య వెనక నిలబడి చేత్తో సైగలు చెయ్యడం, భర్త అద్దంలో చూస్తూ స్టీరింగ్ తిప్పడం ఈ బండ్లవాళ్ళ ఆనవాయితీ. కొత్త బండి వస్తే చాలు, క్యాంపులో అందరూ కుర్చీలు వేసుకుని మరీ చూస్తారు. ఆ రోజూ చూశారు. మార్లిస్ ఆపమని రెండు చేతులూ ఎత్తింది. ఈయన ఆపలేదు. ట్రైలర్ గుద్దుకుని వెనకున్న కొళాయి విరిగి నీళ్ళు ఆకాశానికి చిమ్మాయి. "ముప్ఫయ్యేళ్ళయినా చెయ్యూపడం రాలేదు నీకు!" అని అంతమంది ముందూ ఆవిడ మీదే విరుచుకుపడ్డాడు.

అప్పట్నుంచి ట్రైలర్ తలుపుకి లోపల గడియ. ఆయన పడక పికప్ ట్రక్కులో. ఇవాళ పది గంటల బస్సుకి మిన్నెసోటాలో అక్క దగ్గరికి పోతానని కాగితం రాసి ట్రక్కు అద్దానికి అంటించింది. అక్కడ ఇప్పుడు నడుంలోతు మంచు. దాన్లోకైనా పోతానందంటే ఎంత రగిలిపోయిందో ఆయనకి తెలుసు. క్షమించమనడం ఆర్విన్‌కి చేతకాదు. ఏదైనా బాగుచెయ్యమంటే మాత్రం చేస్తాడు. అందుకే ఇందాక హీటరూ కాఫీ కెటిలూ ఒకేసారి పెట్టి, "కరెంటు పోయింది!" అని ఆవిడ కిటికీలోంచి కేకేస్తే, అదృష్టమంటే ఇదే అనుకున్నాడు.

"కెటిల్ ఆపావా?"

"ఆపాను."

"హీటరు?"

"అదీ ఆపాను."

"మళ్ళీ వేస్తున్నా. మైక్రోవేవ్ మీద అంకెలు వచ్చాయా?"

"రాలేదు."

"సింకు పక్కన ప్లగ్గుకి ఎర్ర బటన్ ఉంటుంది, గట్టిగా నొక్కు."

"నొక్కాను, రాలేదు. బుర్రున్నవాణ్ణి ఎవర్నైనా పిలు."

బుర్ర లేదన్నా ఆయనకి హాయిగానే ఉంది.

పక్క ట్రైలర్ లైల్ ఒకప్పుడు కరెంటు మేస్త్రీ. ఈ అరుపులు విని మీటరు పట్టుకొచ్చి పెట్టెలో పెట్టి చూశాడు.

"నూట ఇరవై వోల్టులు, ఉండాల్సినంతే. భేషుగ్గా ఉంది. ట్రైలర్‌కి కరెంటు తీసుకెళ్ళే ఈ ప్లగ్గు పళ్ళు మసిబారాయేమో. మీట దించి ప్లగ్గు పీకి ఉంచు, గరుకు కాగితం తెస్తా. రెండు నిమిషాలు."

"తొందరేం లేదులే. నిదానంగా రా."

"మీ ఆవిడ చలికి చస్తుంటే నిదానమేంటయ్యా!" అంటూ వెళ్ళాడు లైల్.

టైము తొమ్మిదిన్నర. ఆర్విన్ మీట దించి, లావుపాటి ప్లగ్గు పీకి చేతిలో పట్టుకున్నాడు. లైల్ వస్తాడు, రుద్దుతాడు, కరెంటు వస్తుంది, ఆవిడ వెళ్ళిపోతుంది. ఆ తర్వాత 'వచ్చిందా' అని అరిస్తే పలికే మనిషుండదు.

ట్రైలర్ రేకు గోడకి నుదురు ఆనించాడు.

"మార్లిస్... నువ్వు ఆపమనే చెప్పావు. నేను చూశాను కూడా. పొగరుకి పోయి ఆపలేదు. తప్పంతా నాదే. అందరి ముందూ అన్నాగా, అందరి ముందూ చెప్తాను. వెళ్ళకే. నువ్వు లేకపోతే ఈ బండెందుకు, నేనెందుకు?"

లోపల గడియ తీసిన చప్పుడైంది. వెనకే ఆవిడ కేక.

"వచ్చిందయ్యా, వచ్చింది! అంకెలు వెలుగుతున్నాయి. ఇంక లోపలికి రా!"

పీకిన ప్లగ్గు ఇంకా ఆర్విన్ చేతిలోనే ఉంది.